పదో నంబరు జత

1985 నవంబరు 10, ఆదివారం

చిలకలూరిపేటలో చలి అంటే ఎవరైనా నవ్వుతారు. ఏడాదికి నాలుగు వారాలు, అదీ తెల్లవారుజామున. ఇక్కడ స్వెట్టర్లు వేసుకునేది పసిపిల్లలు, మిల్లులో రాత్రి షిఫ్టువాళ్ళు, కొత్త అల్లుళ్ళు. అలాంటి ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా ఊలు అల్లుతున్న మగవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. టీబీ వచ్చి ఎనిమిది నెలలు ఆస్పత్రిలో పడుకున్నప్పుడు ఒక నర్సమ్మ నేర్పింది. జబ్బు పోయింది, అలవాటు మిగిలింది. ఈ సంగతి నాకూ, కనకానికీ తప్ప ఎవరికీ తెలియదు. మిల్లులో తెలిస్తే నూలు పరీక్ష చేసే గురునాథం కాస్తా గురునాథమ్మ అయిపోతాడు.

ఇవాళ ఉస్మాన్ ఫ్యాన్సీ షాపులో గంటసేపు నిలబడ్డాను. ఆడవాళ్ళకి గాజుల కొట్లో ఏమవుతుందో నాకు అక్కడ అదవుతుంది. అల్యూమినియం సూదులు వద్దన్నాను. వేళ్ళకి నలుపు అంటి, తెల్ల ఊలు రెండు రోజుల్లో బూడిదగుడ్డలా తయారవుతుంది. ప్లాస్టిక్‌వి చెమట చేతికి అతుక్కుంటాయి, వంగుతాయి కూడా. చివరికి పూత వేసినవి తీశాను. ఒక్కొక్కటీ కౌంటరు అద్దం మీద దొర్లించి వంకర లేదని చూసుకున్నాను. మొన గోటి మీద గీసి చూశాను. మరీ వాడిగా ఉంటే పోగుని చీలుస్తుంది, మొద్దుగా ఉంటే కుట్టులోకి దూరదు.

"అమ్మగారికేనా సార్?" అన్నాడు ఉస్మాన్. ఎప్పుడూ అడుగుతాడు.

"అమ్మగారికే" అన్నాను. ఎప్పుడూ అదే అంటాను.

పదో నంబరు జత ఒకటి, పన్నెండో నంబరు జత ఒకటి. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అంకె చుట్టిన కాగితం మీద ఉంటుందే తప్ప సూది మీద ఉండదు. పదోది కనకానికి, పన్నెండోది నాకు. రెండూ ఒకే రంగు, ఒకే పొడవు.

నవంబరు 14

సాయంత్రం మిల్లు నుంచి వచ్చేసరికి వరండాలో ఆరుగురు ఆడవాళ్ళు, మధ్యలో కనకం. నా ఇంట్లోకి నేను వెళ్ళడానికి చెప్పుల మధ్య దారి వెతుక్కున్నాను. "బాబాయిగారికి జరగండే" అంది దర్జీ జాన్ బాషా భార్య లాల్‌బీ. జరిగారు. లోపల కూచుని కాఫీ కోసం ఎదురుచూస్తూ వాళ్ళ నవ్వులు విన్నాను.

ఇదంతా నేను చేసుకున్నదే. ఒంగోల్లో మా అమ్మాయి పురుటికి నేను అల్లిన స్వెట్టరు చూసి, వియ్యపురాలు "ఎంత ఓపికండీ వదినగారూ!" అని కనకం చేతులు పట్టుకుంది. కనకం నా వంక చూసింది. నేను పైకప్పు వంక చూశాను. అప్పట్నుంచీ అల్లేది నేను, మెప్పు ఆవిడకి. అడిగినవాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి కదా, కాస్త నేర్పమంది. నేర్పాను. ఆరేళ్ళయింది.

నేర్పకుండా ఉండాల్సింది అని రాయబోయాను. నాకలాంటి బుద్ధి లేదు.

నవంబరు 24, ఆదివారం

పత్తికాయ డిజైను నాది. మూడేళ్ళ క్రితం మిల్లు గ్రాఫు కాగితం మీద నేనే గీశాను. ఒక్క కుట్టులోంచి అయిదు లాగి, మళ్ళీ అయిదూ ఒకటి చేస్తే చిన్న కాయలా ఉబ్బుతుంది. దానికోసం పదకొండుసార్లు విప్పాను.

ఇవాళ కిటికీ పక్కన పేపరు చదువుతుంటే లాల్‌బీ ఎవరికో చెబుతోంది. "దాన్ని కనకమ్మగారి కాయ అంటారు. పేటలో అందరూ అదే అల్లుతున్నారిప్పుడు."

కనకమ్మగారి కాయ!

కనకం కాదనలేదు. ఎలా కాదంటుంది, నేనే నోరు మూయించాను గదా. అయినా ఒక్క క్షణం తడబడచ్చు, తల దించుకోవచ్చు. అదీ లేదు. "అయిదోది లాగేటప్పుడు చెయ్యి వదులు చెయ్యమ్మా" అంటోంది. ఆ మాట కూడా నాదే.

డిసెంబరు 1, ఆదివారం

జనవరిలో గుంటూరులో జిల్లా మహిళా మండళ్ళ హస్తకళల ప్రదర్శన. పేట తరఫున కనకం పేరు ఇచ్చారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పింది.

"తెల్ల స్వెట్టరు అల్లుదామనుకుంటున్నానండీ, రెండేళ్ళ పిల్లకి."

"డిజైను గీసిస్తాలే."

"వద్దులెండి. చేతికి ఎలా వస్తే అలా పోనిస్తా."

మజ్జిగ కలుపుకున్నాను. నేను కాగితం లేకుండా జానెడు పట్టీ కూడా అల్లలేను. ఈవిడ ఊరికే కబుర్లు చెబుతూ, రేడియో వింటూ అల్లుతుంది. ఒక్క కుట్టు తప్పదు. నిన్న నేను గదిలో తలుపేసుకుని అల్లిన మఫ్లరూ, ఆవిడ వరండాలో అల్లిన మఫ్లరూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆవిడదే బాగుంది. నిజం రాయాలి కదా డైరీలో. ఆవిడదే బాగుంది.

డిసెంబరు 7, శనివారం

కనకం స్వెట్టరు కింది అంచు పాత స్టీలు సూదులతో పూర్తి చేసింది. రేపు కొత్త జత తీస్తుంది.

సాయంత్రం నాకు పని లేక సూదులన్నీ కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. కనకంవీ తుడిచాను. తుడిచేటప్పుడు రెండు జతలూ కలిసిపోయి ఉండచ్చు. ఒకే రంగు.

డిసెంబరు 8

కలిసిపోయాయి. ఆవిడ చేతిలో ఒకటి పదో నంబరు, ఒకటి పన్నెండు. వాటి రెండో సూదులు నా పెట్టెలో ఉన్నాయి. వెంట్రుకవాసి తేడా, కంటికి ఆనదు. రేపు మార్చేస్తాను.

డిసెంబరు 10

మార్చలేదు. మిల్లులో లోడు మీద లోడు. పత్తి బోరాల లారీలు రోడ్డు పొడుగునా నిలబడిపోయాయి.

డిసెంబరు 12

తేడా కనిపిస్తోంది. ఒక వరుస వదులు, ఒక వరుస బిగువు. జానెడు అల్లేసరికి వెలుతురుకి పట్టి చూస్తే చారలు. కనకం కళ్ళజోడు తుడుచుకుని చూసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. అంతా విప్పేసింది.

ఆవిడ పని విప్పుకోవడం ఈ ఆరేళ్ళలో ఇదే మొదటిసారి చూశాను. నేను ఎన్నిసార్లు విప్పానో ఆవిడకేం తెలుసు. కాస్త తెలియనీ. విప్పితేనే పని వస్తుంది. ఒకరకంగా ఇది కూడా నేర్పడమే.

కాఫీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని తాగుతోంది. చలి వేస్తోంది కాబోలు.

డిసెంబరు 15, ఆదివారం

రెండోసారి విప్పింది.

"పోగులో తేడా ఉందేమో చూస్తారా?" అంది. నూలు చూడటం నా ఉద్యోగం. ఊలు గోటి మీద లాగి, మెలి చూసి, "పోగు బాగానే ఉంది" అన్నాను. అబద్ధం చెప్పలేదు. పోగు బాగానే ఉంది.

"అయితే చెయ్యే" అంది.

నేనేమన్నాను? "వయసొస్తోంది కదా" అన్నాను.

డిసెంబరు 17

పొద్దున్నే ఆంజనేయస్వామి గుడికి వెళ్ళి ప్రదక్షిణలు మొదలుపెట్టింది. నలభై రోజులట. బహుమతి కోసం దేవుణ్ణి కూడా దింపుతోంది.

డిసెంబరు 20

వరండాలో నవ్వులు తగ్గాయి. వచ్చినవాళ్ళకి చూపించడం లేదు, నోటితో చెబుతోంది. "అమ్మగారు చేత్తో చూపిస్తేనే మాకు వచ్చేది" అని ఎవరో గొణిగారు. సగంమంది రావడం లేదు.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. హాయిగా నా గదిలో పాత సూదులతో ఇంకో మఫ్లరు పూర్తి చేశాను. బాగా కుదిరింది. ఆవిడ చూసి, "మీ చెయ్యి ఇప్పటికీ ఎంత నిలకడగా ఉందండీ" అంది. ఎన్నాళ్ళకి నా పని మెచ్చుకుంది! రెండు చపాతీలు ఎక్కువ తిన్నాను.

డిసెంబరు 23

అమ్మాయికి ఉత్తరం నన్ను రాయమంది. తన రాత బాగుండటం లేదట. రాశాను. చివర్లో "మీ అమ్మ కులాసా" అని నేనే కలిపాను.

ప్రదర్శనకి పేరు తీసేయమని మండలి వాళ్ళకి కబురు పెడతానంటోంది. "తొందరేముంది, చూద్దాంలే" అన్నాను. పేరు తీసేయించాలని నాకు లేదు. ఒక్కసారి నా దగ్గరికి వచ్చి, "నా వల్ల కావడం లేదు, మీరు అల్లిపెట్టండి" అంటే చాలు. అంటే సూది మార్చేద్దును.

అనదు.

డిసెంబరు 29, ఆదివారం

తలుపు గడియ వేసి రాస్తున్నాను.

మూడు గంటలప్పుడు లాల్‌బీ వచ్చింది. కనకం విప్పడానికి కూచుంది. నాలుగోసారో, అయిదోసారో. "నేను విప్పుతాలెండి పిన్నిగారూ" అని లాల్‌బీ అందుకుంది. కుట్లన్నీ లాగేసి, వట్టి సూదులు రెండూ వేళ్ళ మధ్య పెట్టి అలా దొర్లించింది. దర్జీ ఇంటి ఆడమనిషి. నూలు మందం, సూది మందం వేళ్ళకి తెలుస్తాయి.

"పిన్నిగారూ, ఇది లావు, ఇది సన్నం. జత తప్పు!"

కనకం లాక్కుని చూసింది. బల్ల మీద పక్కపక్కన పెట్టి అరచేత్తో దొర్లించింది. ఒకటి ముందు వెళ్ళింది, ఒకటి వెనకబడింది. అంతే, నవ్వడం మొదలుపెట్టింది. పడీ పడీ నవ్వింది. లాల్‌బీని పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. సూదులు తేడా అని తెలిస్తే అంత నవ్వెందుకో నాకు బోధపడలేదు.

"చూశారా ఏవండీ! సూదులండీ! నేను కాదు, సూదులు!" అంటూ నా గదిలోకి పరుగెత్తుకొచ్చింది.

"అరెరె" అన్నాను.

డిసెంబరు 30

కనకం వెళ్ళి ఉస్మాన్‌ని అడిగిందట. ఆ రోజు రెండు జతలూ కలిపి కట్టింది తనే కాబట్టి పొరపాటు తనదేనని ఒప్పేసుకున్నాడట. "బుద్ధి తక్కువైంది అమ్మగారూ" అని కొత్త జత ఉచితంగా ఇచ్చి పంపాడు. నా మీద ఎవరికీ అనుమానం లేదు. ఊపిరి పీల్చుకున్నాను.

1986 జనవరి 4

కొత్త జతతో తిన్నగా అల్లుకోవచ్చు కదా. అల్లదు. ఆ చారలు ఆవిడ బుర్రలో తిరుగుతున్నాయి. "వెంట్రుకవాసి తేడాకే ఇంత చార పడితే, బాగా తేడా పెడితేనో?" అంటూ నన్ను ఆరో నంబరు సూది తెమ్మంది. ఒక చేతిలో ఆరు, ఒక చేతిలో పన్నెండు. ఒక వరుస జల్లెడలా, ఒక వరుస గట్టు కట్టినట్టు వస్తోంది. దూరం నుంచి చూస్తే గాలికి కదిలే నీళ్ళు. మధ్యలో లేతనీలం కలిపింది.

ఇరవై ఏళ్ళుగా సూదుల్ని అద్దం మీద దొర్లించి జత సరిపోయిందా అని చూస్తున్నవాణ్ణి. జత సరిపోకపోతే ఏమవుతుందో చూడాలని ఒక్కనాడూ అనిపించలేదు. చూసే అవకాశం నా చేతుల్లోనే ఉండింది. ఆ పాడు తెలివి నేనే ఇచ్చాను ఆవిడకి.

ఇవాళ అన్నం తినలేదు.

జనవరి 12, ఆదివారం

స్వెట్టరు పూర్తయింది. వరండా మళ్ళీ నిండింది. నేను చెప్పుల మధ్య దారి వెతుక్కున్నాను.

జనవరి 19, ఆదివారం

గుంటూరు వెళ్ళాం. మిల్లు క్లర్కు రామమూర్తి కూడా సకుటుంబంగా వచ్చాడు. కుర్చీల్లో వెనక వరసలో కూచున్నాం. కనకానికి మొదటి బహుమతి వచ్చింది. వస్తుందని స్వెట్టరు చూసినప్పుడే తెలుసు. చప్పట్లు కొట్టాను. అందరికంటే గట్టిగా కొట్టాను, ఎవరైనా చూస్తారని.

మైకు ముందు రెండు మాటలు మాట్లాడమన్నారు. కొంగు సవరించుకుంది.

"నాకు అల్లిక నేర్పింది మావారండి. ఇరవై ఏళ్ళుగా అల్లుతున్నారాయన. ఆరేళ్ళ క్రితందాకా నా పేరు మీద మీరందరూ మెచ్చుకున్నవన్నీ ఆయన అల్లినవే. పేటలో కనకమ్మ కాయ అంటారే, అదీ ఆయనదే. చెప్పద్దంటారు. ఎన్నాళ్ళు మోయనండీ ఇంకొకరి మెప్పు? సూదులు కూడా ఆయనే ఎంచి తెస్తారు. ఈ అల్లిక కూడా ఆయన తెచ్చిన జతలోనే దొరికింది."

అందరూ వెనక్కి తిరిగారు. రామమూర్తి నోరు తెరిచాడు. "ఒరేయ్ గురునాథం! నువ్వా? ఊలా?" అన్నాడు. అధ్యక్షురాలు నన్ను లేచి నిలబడమంది. చేతులు జోడించి నిలబడ్డాను. మళ్ళీ చప్పట్లు. కనకం వేదిక మీంచి నా వంకే చూస్తోంది. అసలు బహుమతి తను నాకిస్తున్నట్టు మొహం వెలిగిపోతోంది.

ఆరేళ్ళుగా నేను కోరుకున్నది ఇదే. ఇంతే.

జనవరి 21

మిల్లులో రెండు రోజులు ఏడిపించారు. "గురునాథమ్మగారూ, మాకో లంగా అల్లండి" అన్నారు. నేను భయపడ్డంత ఏమీ జరగలేదు. మధ్యాహ్నం రామమూర్తి చాటుగా వచ్చి మనవడికి స్వెట్టరు అడిగాడు. దీనికా నేను ఇరవై ఏళ్ళు వణికాను?

రేపు కనకానికి చెబుతాను.

జనవరి 24

చెప్పలేదు. స్వామి ప్రదక్షిణలు రేపటితో పూర్తవుతాయి. బహుమతి వచ్చినా ఆపలేదు. మొక్కు పూర్తి కానీ అనుకున్నాను.

జనవరి 30

ఉస్మాన్ షాపుకి వెళ్ళాను. నన్ను చూసి కుర్చీ వేశాడు. "సార్, మీరే అల్లుతారని తెలిసి మరీ సిగ్గేసింది. ఆ రోజు అంత జాగ్రత్తగా దొర్లించి చూసుకున్నారు. కట్టేటప్పుడు నేను కలిపేశాను. పెద్దోరు, మనసులో పెట్టుకోకండి" అన్నాడు. సూదుల డబ్బా నా ముందుకి తోశాడు, ఏది కావాలంటే అది తీసుకోమని.

నేను ఏమీ కొనకుండా వచ్చేశాను. నాకు తెలియకుండానే కలిసిపోయాయని రాశాను డిసెంబరు ఏడున. కలిసిపోలేదు. నేను తీసి పెట్టాను. పెట్టెకి తాళం కూడా వేశాను.

ఫిబ్రవరి 2, ఆదివారం

మధ్యాహ్నం భోజనాలయ్యాక కనకం వరండాలో రామమూర్తి మనవడి స్వెట్టరు పట్టుకుని కూచుంది. వెనకభాగం భుజందాకా వచ్చింది. ఆడవాళ్ళు వచ్చేలోపు చెప్పేద్దామని ఎదురుగా కూచున్నాను.

"ఆ సూది ఉస్మాన్ మార్చలేదు. నేను మార్చాను" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆపలేదు. వరుస చివరిదాకా అల్లింది.

"ఎందుకండీ?"

"ఓర్వలేక."

అంతకంటే మంచి మాట వెతికాను గానీ దొరకలేదు. కోప్పడుతుందనుకున్నాను. తిడితే పడదామని సిద్ధంగా ఉన్నాను.

"ఎన్నో తారీఖున మార్చారు?"

"డిసెంబరు ఏడు సాయంత్రం."

వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "ఎనిమిది నుంచి ఇరవై తొమ్మిది దాకా. ఇరవై రెండు రోజులు" అంది. తరువాత వీధి వంక చూస్తూ మెల్లిగా చెప్పింది.

"మా అమ్మకి కుడిచెయ్యి పడిపోయేముందు ముగ్గు ఇలాగే వచ్చేదండీ. ఒక గీత లావు, ఒక గీత సన్నం. మేం పిల్లలం వేళాకోళం చేసేవాళ్ళం. నెల తిరక్కుండా మంచాన పడింది. నాకూ అదే వస్తోందనుకున్నాను. పొద్దున లేవగానే గుప్పిట మూసి తెరిచి చూసుకునేదాన్ని. స్వామికి మొక్కుకున్నాను. మీకు చెబితే దిగులు పెట్టుకుంటారని చెప్పలేదు. అసలే మీకు నిద్ర పట్టదు."

మా అత్తగారు ఏడేళ్ళు మంచంలో ఉండి పోయింది. ఆ ఏడేళ్ళూ కనకమే నోట్లో ముద్ద పెట్టింది. అది నాకు తెలుసు. ముగ్గు సంగతి తెలియదు. కనకం చేతులు చూశాను. ఇప్పుడు నిజంగానే వణుకుతున్నాయి.

లేచి నిలబడింది. అల్లిక నా ఒళ్ళో పెట్టింది.

"భుజం దగ్గర తగ్గింపు మీరు చేసుకోండి. నాకు ఇవాళ చేతకాదు" అని లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడే గేటు తీసుకుని ఆడవాళ్ళు వచ్చారు. చెప్పులు విడిచి నా చుట్టూ కూచున్నారు. లాల్‌బీ లోపలికి తొంగి చూసి, "పిన్నిగారేరండీ?" అంది. పడుకుందన్నాను. "అయితే ఇవాళ బాబాయిగారు చూపిస్తారే" అని సంబరపడి, అందరూ దగ్గరికి జరిగారు. పన్నెండు కళ్ళు నా వేళ్ళ మీదే ఉన్నాయి. భుజానికి పదహారు కుట్లు తగ్గించాలి. సూదులు చేతిలోకి తీసుకుని తగ్గించడం మొదలుపెట్టాను.